వైర్‌లెస్ సర్టిఫికేషన్ ఎవరికి అక్కరకొస్తుంది

నెట్‌వర్క్ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు, వాటిలోకి రావాలనుకుంటున్న పిల్లలు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సార్, వైఫై మీద సర్టిఫికేషన్ చెయ్యమంటున్నారు. ఫీజు చూస్తే భయమేస్తోంది. చేస్తే ఉపయోగం ఉంటుందా?" అని. అడిగేవాళ్ళలో సపోర్టు టీముల్లో నైట్ షిఫ్టులు చేసేవాళ్ళున్నారు. బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నవాళ్ళున్నారు. నిచ్చెనలెక్కి సీలింగుకి యాక్సెస్ పాయింట్లు బిగించే టెక్నీషియన్లూ ఉన్నారు. వీళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పి పంపేస్తే అన్యాయం చేసినట్టే. ఒక్కొక్కరి సంగతి ఒక్కో రకం. అందుకని ఈ పూట కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు ఏ సర్టిఫికెట్ సంగతి మాట్లాడుతున్నామో అనుకోవాలి. ఏ కంపెనీ పరికరాలకీ కట్టుబడకుండా, కేవలం వైర్‌లెస్ మీద పరీక్షలు పెట్టే సంస్థ సీడబ్ల్యూఎన్‌పీ. అది 1999లో మొదలైంది. సెకనుకి 11 మెగాబిట్ల వేగమిచ్చే 802.11బి ప్రమాణం వచ్చిందీ ఆ ఏడాదే. ఆ సంస్థ పెట్టే పరీక్షల్లో అందరూ చెప్పుకునేది సీడబ్ల్యూఎన్‌ఏ. 60 ప్రశ్నలు, 90 నిమిషాలు, నూటికి 70 రావాలి. ప్యాసైతే మూడేళ్ళు చెల్లుతుంది. దాని పైన భద్రతకొకటి, డిజైనుకొకటి, విశ్లేషణకొకటి చొప్పున మూడు పరీక్షలున్నాయి. అవన్నీ దాటి, పని అనుభవం కూడా చూపించినవాళ్ళకి సీడబ్ల్యూఎన్‌ఈ అని నిపుణుల స్థాయి ఇస్తారు. ఇంకోవైపు సిస్కో, అరూబా, జునిపర్ లాంటి కంపెనీలు ఎవరి పరికరాల మీద వాళ్ళు పెట్టుకున్న పరీక్షలున్నాయి.

రూటర్లు, స్విచ్చులు నేర్చుకున్నవాడికి వైఫై దానంతటదే రాదా, దానికి మళ్ళీ వేరే చదువెందుకు అని కొందరంటారు. నేనైతే రాదనే అంటాను. వైరులో ఈ చివర పెట్టింది ఆ చివర తేలుతుంది. పోయేదీ వచ్చేదీ ఒకేసారి నడుస్తాయి. గాలిలో ఆ సుఖాలు రెండూ లేవు. ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. రచ్చబండ దగ్గర ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగినట్టు, ఫోనూ ల్యాప్‌టాపూ యాక్సెస్ పాయింటూ అన్నీ ముందు చెవొగ్గి విని, గాలి ఖాళీగా ఉందని తేలాకే పంపుతాయి. ఇద్దరు ఒకేసారి మొదలెడితే ఇద్దరి మాటా పోతుంది, మళ్ళీ చెప్పుకోవాలి. నెమ్మదిగా మాట్లాడే పాత ఫోను ఒకటి చేరిందంటే, అది ముగించేదాకా కొత్త ఫోన్లన్నీ కాచుక్కూర్చోవలసిందే.

ఒక కాలేజీ హాస్టల్ అనుకోండి. నెట్ రావడం లేదని పిల్లల గోల. యాజమాన్యం ఇంకో ఇరవై యాక్సెస్ పాయింట్లు కొని, వరండా పొడుగునా వరసగా బిగించి, అన్నిటికీ పవర్ పూర్తిగా పెంచేస్తుంది. ఇప్పుడు ఫోనులో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. వీడియో మాత్రం ముందుకన్నా ఎక్కువగా ఆగుతుంది. ఎందుకంటే 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అని మూడే ఛానళ్ళు. వరండాకి అడ్డు గోడలుండవు కాబట్టి ఈ యాక్సెస్ పాయింట్ పెట్టెలన్నీ ఒకదాన్నొకటి వింటాయి, ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. పెట్టె గట్టిగా మాట్లాడగలదు గానీ జేబులో ఫోను అంత గట్టిగా బదులు చెప్పలేదు. పెట్టె మాట ఫోనుకి వినిపిస్తుంది, ఫోను మాట పెట్టెకి అందదు.

ఈ చదువు చదివినవాడు అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడో చూడండి. పెట్టెల్ని వరండాలోంచి గదుల్లోకి మారుస్తాడు. సగం పెట్టెల్లో 2.4 రేడియో ఆపేస్తాడు. పవర్ తగ్గిస్తాడు. 5 గిగాహెర్ట్‌జ్ మీదికి జనాన్ని మళ్ళిస్తాడు. విద్యార్థులకొకటి, స్టాఫుకొకటి, వార్డెనుకొకటి, అతిథులకొకటి అంటూ పెట్టిన వైఫై పేర్లను రెండుకి కుదిస్తాడు. ఒక్కో పేరూ సెకనుకి దాదాపు పదిసార్లు "నేనిక్కడున్నాను" అని నెమ్మదైన వేగంలో చాటింపు వేస్తుంది మరి. ఆ చాటింపులకే గాలి చాలావరకు ఖర్చయిపోతుంది. కొత్త పెట్టె ఒక్కటీ కొనక్కర్లేకుండా హాస్టల్ నెట్ కుదుటపడుతుంది. ఈ పని చెయ్యగలిగేవాడికీ చెయ్యలేనివాడికీ తేడా చదువే. నా దృష్టిలో ఈ సర్టిఫికేషన్ విలువంతా మొదట ఇక్కడుంది.

ఇంకో సంగతి చెప్పాలి. డెసిబెల్ లెక్కలు చూసి చాలామంది బెదిరిపోతారు. అక్కడ పట్టుకోవలసింది రెండే సూత్రాలు. 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. ఇవి పట్టుబడితే మిగతావన్నీ కూడికలూ తీసివేతలే. వైఫై మీద ఫోన్ కాల్ తెగకుండా నడవాలంటే మైనస్ 67 డీబీఎమ్ సిగ్నల్ ఉండేలా చూసుకుంటారు. అంటే ఒక మిల్లీవాటులో 50 లక్షలవ వంతు. అంత సూక్ష్మమైన శక్తితో ఆసుపత్రిలో నర్సమ్మ నాలుగో వార్డు నుంచి ఐసీయూ దాకా నడుస్తూ డాక్టరుగారితో మాట్లాడుతుంది. నడుస్తున్నప్పుడు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఆమె చేతిలోని ఫోనే, సీలింగులోని పెట్టె కాదు. ఈ ఒక్క సంగతి తెలియక రోజుల తరబడి తప్పు చోట వెతికే ఇంజినీర్లున్నారు. గోడౌన్ల సంగతైతే మరీను. రాకులు ఖాళీగా ఉన్నప్పుడు సైట్ సర్వే చేసి అంతా బాగుందని రాసి ఇస్తారు. వారం తర్వాత అదే రాకుల్లో నీళ్ళ సీసాల పెట్టెలు నిండుతాయి. నీళ్ళు ఈ తరంగాల్ని పీల్చేసుకుంటాయి, బార్‌కోడ్ స్కానర్లు మూగబోతాయి.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, పాఠం విలువ వేరు, కాగితం విలువ వేరు. రెండిటినీ కలిపి చూసినన్నాళ్ళూ నిర్ణయం తెమలదు. పాఠం విలువ ఎప్పటికీ పోదు. డేవిడ్ కోల్‌మన్, డేవిడ్ వెస్ట్‌కాట్ రాసిన సీడబ్ల్యూఎన్‌ఏ స్టడీ గైడు వెయ్యి పేజీల పుస్తకం. పరీక్షకి డబ్బు కట్టకుండానే దాన్ని చదువుకోవచ్చు. పరీక్ష రాసినా రాయకపోయినా ఆ పుస్తకం శ్రద్ధగా చదివినవాడు వైర్‌లెస్ పనిలో నలుగురి కన్నా ముందుంటాడు.

ఇక కాగితం విలువ. హైదరాబాదు ఉద్యోగ ప్రకటనల్లో నేను చూసినంతలో కొత్తవాళ్ళని అడిగేది సిస్కో వాళ్ళ సీసీఎన్‌ఏ, కాస్త అనుభవం ఉంటే సీసీఎన్‌పీ. సీడబ్ల్యూఎన్‌ఏ పేరు అరుదుగా కనిపిస్తుంది. రెజ్యూమెలు వడపోసే హెచ్‌ఆర్ వాళ్ళలో చాలామందికి ఆ అక్షరాలు తెలియవు. కాబట్టి మొదటి ఉద్యోగం కోసం దీన్ని నమ్ముకోవద్దని ఖచ్చితంగా చెబుతాను. ఐపీ అడ్రసులు, వీలాన్లు, రూటింగు రానివాడు రేడియో తరంగాలు నేర్చుకుని ఆ పెట్టెని దేనికి కలుపుతాడు? సీసీఎన్‌ఏ పరీక్షకే 300 డాలర్లు, దాని మీద పన్ను. మధ్యతరగతి ఇంట్లో ఆ మొత్తం తేలికగా పుట్టదు. అది కట్టాక వెంటనే రెండో పరీక్షకి ఇంకో మొత్తం కట్టమని నేను ఏ తల్లిదండ్రులకీ చెప్పను.

ఈ రంగంలో పని లేదని మాత్రం అనుకోవద్దు. నానక్‌రామ్‌గూడలో అమెజాన్ 2019లో తెరిచిన క్యాంపస్ 15 వేల మందికి పైగా పనిచేసేలా కట్టిన భవనం. అలాంటి ఆఫీసుల్లో ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించుకునేవాళ్ళు ఎంతమంది? 2016 ఏప్రిల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి వైఫై పెట్టిన స్టేషన్లలో కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. 2018 జూన్ నాటికి దేశం మొత్తం మీద ఆ లెక్క 400 స్టేషన్లకి చేరింది. ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చి ఆగగానే రేడియో దృష్టిలో అక్కడొక ఇనుప గోడ లేచినట్టు. రైలు కదిలితే గోడ పోతుంది. అలాంటి చోట సిగ్నల్ ఎలా పరచాలో ఎవరో ఒకరు కూర్చుని లెక్క వెయ్యాలి. ఆసుపత్రులు, కార్పొరేట్ కాలేజీలు, ఫార్మా ఫ్యాక్టరీలు, హోటళ్ళు, అన్ని చోట్లా ఈ లెక్క ఉంది. గల్ఫ్‌లో ఇదే పని చేస్తున్న మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

5జీ వచ్చాక వైఫై ఎక్కడుంటుందండీ అని అడిగేవాళ్ళున్నారు. ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2005 జనవరిలో. 5 గిగాహెర్ట్‌జ్‌లో విశాలంగా చోటిచ్చింది 2018లో. 6 గిగాహెర్ట్‌జ్ కింది భాగంలో 500 మెగాహెర్ట్‌జ్ విడిచిపెడతామంటూ 2025 మే నెలలో ముసాయిదా నియమాలు వెలువడ్డాయి. అమెరికా అయితే 2020లోనే ఆ బ్యాండులో 1200 మెగాహెర్ట్‌జ్ ఇచ్చేసింది. పోయేదానికి ఎవరూ ఇంత చోటు కేటాయించరు. ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

కంపెనీ సర్టిఫికెట్టా, అందరికీ చెల్లేదా అన్నది తర్వాతి చిక్కు. సిస్కో సంగతి చూడండి. సీసీఎన్‌ఏ వైర్‌లెస్ అని ఒక సర్టిఫికెట్ ఉండేది. పిల్లలు కష్టపడి తెచ్చుకున్నారు. 2020 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. సీసీఎన్‌పీ వైర్‌లెస్‌ని ఎంటర్‌ప్రైజ్ అనే పెద్ద గొడుగు కిందికి తెచ్చారు. ఆ తర్వాత మళ్ళీ వైర్‌లెస్‌కి విడిగా దారి వేస్తామని ప్రకటించారు. అరూబాని హెచ్‌పీ 2015లో కొన్నది. మిస్ట్ అనే కంపెనీని జునిపర్ 2019లో కొన్నది. ఆ జునిపర్‌ని హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ 2025లో కొన్నది. ఇలా చేతులు మారినప్పుడల్లా మెనూలు మారతాయి, పరీక్షల పేర్లు మారతాయి. 6 డెసిబెల్స్ అంటే శక్తి నాలుగింతలన్నది మాత్రం ఏ కంపెనీ ఎవర్ని కొన్నా మారదు. ఆ మారని భాగాన్ని నేర్పుతుంది కాబట్టే నాకు సీడబ్ల్యూఎన్‌ఏ మీద గౌరవం.

అయినా కంపెనీ సర్టిఫికెట్‌కి ఒకచోట తిరుగులేని విలువ ఉంది. పెద్ద కంపెనీల పరికరాలు అమ్మి బిగించే భాగస్వామ్య సంస్థలు, తమ హోదా నిలుపుకోవాలంటే ఇంతమంది సర్టిఫైడ్ ఇంజినీర్లని చూపించాలి. అలాంటి సంస్థలో మీరున్నారా? మీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, "సార్, నేను రాస్తాను, వోచర్ ఇప్పిస్తారా?" అని అడగండి. అడగడానికి మొహమాటపడి సొంత డబ్బు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు బాధనిపిస్తుంది. సంస్థకి అవసరమైన కాగితానికి సంస్థే డబ్బు పెట్టడం న్యాయం. ఒక్క జాగ్రత్త. ఇన్నేళ్ళు మానకూడదని బాండు రాయించుకుంటే, సంతకం పెట్టే ముందు ఆ ఏళ్ళూ ఆ మొత్తమూ చదువుకోండి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మాట ఎత్తకుండా ఈ ప్రసంగం ముగించలేను. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో మన రాష్ట్రాల పిల్లలు ఎంతమంది జీవితాలు దిద్దుకున్నారో లెక్కలేదు. అక్కడ మంచి ఫ్యాకల్టీ ఉన్నారు. డెమో క్లాసులో పది నిమిషాల్లో విషయం కళ్ళకి కట్టించేవాళ్ళని నేనెరుగుదును. అక్కడే, అన్ని ఊళ్ళలోనూ, ఇంటర్నెట్‌లోనూ డంపులు కూడా దొరుకుతాయి. డంపు అంటే పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ దొంగచాటుగా పోగుచేసి అమ్మేది. నాలుగు రోజులు బట్టీ కొడితే ప్యాసైపోవచ్చంటారు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. దానికన్నా పెద్ద నష్టం ఇంటర్వ్యూలో జరుగుతుంది. "ఫోను నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు జరిగే నాలుగు మెట్ల కరచాలనం బోర్డు మీద వెయ్యండి" అంటే చెయ్యి ఆడదు. అలా ప్యాసైన కుర్రవాడి ముఖం చూడలేం. ఇంట్లోవాళ్ళు అప్పుచేసి కట్టిన ఫీజు అది. పిల్లలకి డంపులమ్మేవాళ్ళని నేను క్షమించలేను.

డబ్బు కట్టే ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకునే మార్గం ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకోండి. మానిటర్ మోడ్‌లో పనిచేసే యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి తెచ్చుకోండి. వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. మీ ఇంటి వైఫైలో మీ ఫోను చేరుతున్నప్పుడు గాలిలో ఏం నడుస్తోందో పట్టి చూడండి. మీ సొంత నెట్‌వర్కే సుమా, పక్కింటివాళ్ళది కాదు. ఒక్కో ఫ్రేము తెరిచి అదేమిటో పుస్తకంలో వెతుక్కోండి. మూడు నెలలు సాయంత్రాలు ఇలా గడిపాక ఇంకా చూడాలనిపిస్తే ఈ రంగం మీది. రెండో వారానికే విసుగొస్తే క్లౌడో సెక్యూరిటీయో చూసుకోవచ్చు, నష్టమేమీ లేదు. అప్పటికి మీకు ఖర్చయింది అడాప్టర్ వెల, పుస్తకం వెల మాత్రమే.

ఇక ఎవరికి రాయమని చెబుతానంటే, రోజూ ఫిర్యాదులు వచ్చే వైర్‌లెస్ నెట్‌వర్క్ ఒకటి ఇప్పటికే మీ చేతిలో ఉంటే రాయండి. ఆసుపత్రి ఐటీలో ఉన్నా, యూనివర్సిటీలో ఉన్నా, గోడౌన్లు చూసే లాజిస్టిక్స్ సంస్థలో ఉన్నా సరే. పొద్దున చదివింది మధ్యాహ్నం పనిలో పెట్టగలిగినవాళ్ళకి ఈ చదువు వంటబడుతుంది. ఏడాదిలో సైట్ సర్వేలు, డిజైన్ల వైపు వెళ్ళాలనుకుంటున్నవాళ్ళూ రాయవచ్చు. నెట్‌వర్క్ చేతిలో లేకుండా, కేవలం రెజ్యూమెలో ఇంకో గీత కోసమైతే ఆగండి. ముందు ఆ ఉద్యోగంలోకి చేరే దారి చూసుకోండి.

చివరిగా, నిచ్చెనలెక్కే టెక్నీషియన్ తమ్ముళ్ళతో ఒక మాట. ఐటీఐయో డిప్లొమాయో చదివి, కాంట్రాక్టరు కింద కేబుళ్ళు లాగుతూ, పెట్టెలు బిగిస్తూ ఉంటారు మీరు. ఏ గోడ వెనక ఏసీ డక్టుందో, ఏ లిఫ్టు పక్కన సిగ్నల్ చస్తుందో ఆఫీసులో కూర్చున్న డిజైనరు కన్నా మీకే బాగా తెలుసు. నా మటుకు నాకు, ఈ కాగితం అందరికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది మీకే. డిగ్రీ లేదని మిమ్మల్ని మీటింగు గది బయట నిలబెట్టేవాళ్ళకి చూపించడానికి పనికొస్తుంది. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పరీక్షా ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివానని వెనకాడకండి. అందులో ఇంగ్లీషు కష్టమైనది కాదు. సగం మాటలు మీరు రోజూ సైటు మీద అనేవే: ఛానల్, యాంటెన్నా, గెయిన్, కవరేజ్, రోమింగ్. రోజుకి ఐదు పేజీలు పెట్టుకున్నా ఏడాదిలోపు పుస్తకం పూర్తవుతుంది. డెసిబెల్ లెక్కల దగ్గర ఆగిపోతే మీ సైటు ఇంజినీరుని అడగండి, చాలామంది సంతోషంగా చెబుతారు. ముందు నెట్‌వర్క్ మూలపాఠాలు, ఆ తర్వాత ఇది. ప్యాసయ్యాక మూడేళ్ళలోపు దాని పై మూడు పరీక్షల్లో ఏదైనా ఒకటి రాసి నెగ్గితే కింది సర్టిఫికెట్ కూడా పునరుద్ధరణ అవుతుంది. రెండోసారి అదే పరీక్షకి డబ్బు కట్టే పని తప్పుతుంది. చేతిపని తెలిసిన మీలాంటివాళ్ళు ఆ మూడిటిలో ముందుగా ఎంచుకోవలసింది డిజైన్ పరీక్ష.